పిల్లలకు అర్థమవుతుంది కానీ మాట్లాడరు: సోమాలీ ఇళ్లలో చూసి నేర్చుకున్న పద్ధతి

"మావాడికి అన్నీ అర్థమవుతాయండీ, కానీ తిరిగి ఇంగ్లీషులోనే చెప్తాడు. ఏం చేయాలి?" నన్ను తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అయితే ఈ మాట నేను మొదట విన్నది తెలుగింట్లో కాదు. అమెరికాలోని మినియాపోలిస్‌లో సీడర్ రివర్‌సైడ్ అని ఒక పేట ఉంది. అక్కడి ఎత్తైన అపార్ట్‌మెంట్లలో చాలావరకు సోమాలీ కుటుంబాలే. సాయంత్రాలు అక్కడి పిల్లలకు హోంవర్క్ చెప్పడానికి వెళ్లేదాన్ని. వాళ్లమ్మ సోమాలీలో అడుగుతుంది, పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తుంది. "సోమాలీలో చెప్పవే" అంటే మాత్రం "వాన్ ఫహ్మయా" అంటుంది. అంటే "నాకు అర్థమవుతుంది" అని. ఆ పిల్ల నోట వచ్చే పూర్తి సోమాలీ వాక్యం అదొక్కటే.

1991లో సోమాలియా ప్రభుత్వం కూలిపోయాక ఎన్నో కుటుంబాలు దేశం వదిలి చెదిరిపోయాయి. కొందరు నైరోబీలోని ఈస్ట్‌లీకి, కొందరు లండన్‌కు, టొరంటోకు, స్వీడన్‌కు, కొందరు మినెసోటాకు, ఒహాయోలోని కొలంబస్‌కు చేరారు. అప్పుడు చంకనెక్కి వచ్చిన పిల్లలే ఇప్పుడు తల్లిదండ్రులు. వాళ్లలో కొందరి ఇళ్లలో భాష నిలబడింది, కొందరి ఇళ్లలో జారిపోయింది. రెండు రకాల ఇళ్లూ దగ్గరగా చూశాక నాకు తేలింది ఒకటే. పిల్లలు మాట్లాడటం మానేసేది భాష రాక కాదు, ఆ భాషలో వాళ్లకు పని లేక. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ పని కల్పించడం కోసమే.

ఉదాహరణలన్నీ సోమాలీవే. మీ ఇంటి భాష ఏదైనా దాన్ని ఆ స్థానంలో పెట్టుకుని చదవండి. తెలుగుతో నిజంగా కలిసే చోట్ల ఆగి చెప్తాను. అలాంటివి అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. హైదరాబాద్ టోలిచౌకిలో ఉండే సోమాలీ కుటుంబాలకూ ఇది పనికొస్తుంది. అక్కడ ఇంగ్లీషుకు ఉర్దూ, హిందీ కూడా తోడవుతాయి, అంతే తేడా.

కావలసినవి

- రోజుకు అరగంట, ఇంట్లో ఒక చోటు. వంటిల్లు అయితే మరీ మంచిది.
- సోమాలీ తప్ప వేరే భాషలో మాట్లాడని ఒక మనిషి. మామూలుగా అయేయో, అంటే అమ్మమ్మో నానమ్మో. ఫోన్లో ఉన్నా చాలు.
- వాయిస్ మెసేజ్ పంపగలిగే ఫోన్.
- ఒక నోటుబుక్కు.
- ఒకటి రెండు పిల్లల కథల పుస్తకాలు. మినియాపోలిస్, టొరంటో, లండన్ లైబ్రరీల్లో సోమాలీ పుస్తకాలు దొరుకుతాయి. ఒక పక్క సోమాలీ, ఒక పక్క ఇంగ్లీషు ఉన్నవి తీసుకోండి.

డబ్బు కట్టి చేర్పించే క్లాసు తప్పనిసరి కాదు. ఉంటే మంచిదే. స్వీడన్‌లో బడిలోనే మాతృభాష పాఠం అడిగే హక్కు ఉంది. అలాంటి వీలున్న చోట తప్పకుండా వాడుకోండి. కానీ వారానికి ఒక గంట పాఠం ఇంటి మాటకు తోడు మాత్రమే అవుతుంది.

1. ముందు ఎక్కడున్నారో రికార్డు చేసుకోండి

పిల్లల్ని కూర్చోబెట్టి "ఇవాళ బడిలో ఏం జరిగింది?" అని అడగండి. రెండు నిమిషాలు సోమాలీలో చెప్పమనండి. ఫోన్లో రికార్డు చేసి తేదీ వేసి దాచండి. మధ్యలో సరిదిద్దకండి, అందించకండి. ఎక్కడ ఆగుతున్నారో మాత్రం నోటుబుక్కులో రాసుకోండి. పదం దొరక్క ఆగారా, వాక్యం కట్టలేక ఆగారా? ఇవి రెండూ వేరు వేరు జబ్బులు. పదం దొరక్కపోతే కథలతో సరిపోతుంది. వాక్యమే కట్టలేకపోతే నాలుగు, అయిదు మెట్లమీద ఎక్కువ కాలం ఉండాలి.

2. ఏ సోమాలీయో తేల్చుకోండి

సోమాలీ అంతా ఒకటి కాదు. రేడియోలో, పుస్తకాల్లో వినపడేది మహా అనే రకం. దక్షిణాన జుబ్బా, షబెల్లె నదుల మధ్య ప్రాంతంలో మాట్లాడేది మాయ్. ఒక భాష వాళ్లకు రెండోది అలవాటు లేకపోతే అర్థం చేసుకోవడమే కష్టం. అమ్మది ఒకటి, నాన్నది ఒకటి అయితే ఎవరిది వాళ్లు మాట్లాడండి. పిల్లలు రెండూ పట్టుకుంటారు.

జాగ్రత్త: "మీ నాన్న మాట్లాడేది సరైన సోమాలీ కాదు" అని పిల్లల ముందు ఎప్పుడూ అనకండి. శ్రీకాకుళం యాసనో, తెలంగాణ మాటనో ఇంట్లోనే వెక్కిరిస్తే పిల్లలు ఏం చేస్తారో మనకు తెలుసు. ఆ గొడవలేని మూడో భాషలోకి, ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు.

3. చోటు, వేళ కట్టండి

"ఇవాళ్టి నుంచి ఇంట్లో సోమాలీయే" అనే రూలు నేను చూసిన ఏ ఇంట్లోనూ వారం దాటలేదు. దానికి బదులు ఒక చోటు ఎంచుకోండి. రాత్రి అంజేరోకి పిండి కలిపే వేళ, లేదా బడి నుంచి కారులో వచ్చే ఇరవై నిమిషాలు. (అంజేరో అంటే మన అట్టులాంటిదే, పిండి పులియబెట్టి పెనం మీద పోస్తారు.) వంటింట్లో చేతికి పని ఉంటుంది కాబట్టి మాట బలవంతంగా అనిపించదు. "హవాష్ డబ్బా ఇటివ్వు" అంటే ఆ మసాలా డబ్బా చేతికి అందాలి కదా.

ఇంగ్లీషు ఇంట్లోకి వచ్చేది మొదట బడికెళ్లిన పెద్దబిడ్డతో. ఆ బిడ్డ చిన్నవాళ్లతో ఏ భాష మాట్లాడితే ఇంటి పిల్లలందరిదీ అదే అవుతుంది. అందుకని పెద్దబిడ్డకే ఒక బాధ్యత ఇవ్వండి. రాత్రి చిన్నవాళ్లకు సోమాలీలో కథ చెప్పి పడుకోబెట్టడం.

4. ఇంగ్లీషులో జవాబిస్తే ఏం చేయాలి

మొత్తం పద్ధతిలో అసలైన మెట్టు ఇది. తొందరపడకుండా చదవండి.

*అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న వద్దు.* "ఆనో మ రబ్తా?" (పాలు కావాలా?) అంటే పిల్ల "హా" అని ఊరుకుంటుంది. ఆ ఒక్క "హా"తో రోజు గడిచిపోతుంది. "ఆనో మిసే బియో?" (పాలా, నీళ్లా?) అనండి. ఇప్పుడు పదం పలకాల్సిందే. వారం తర్వాత "ఏం తాగుతావు? ఎందుకు?" దాకా వెళ్లండి.

*తప్పును ఎత్తిచూపకుండా సరైన మాట వినిపించండి.* సోమాలీలో మేల్ అంటే చోటు. "ఆ చోటు" అనాలంటే చివర త చేర్చాలి, కానీ ల, త కలిసి ష అవుతాయి. కాబట్టి మేష అనాలి. పరాయి దేశంలో పెరిగిన పిల్ల "మేల్‌త" అంటుంది. మన పిల్లలు "ఇంట్లో" అనకుండా "ఇల్లులో" అన్నట్టే. అప్పుడు "అలా కాదు" అనకండి. "ఓ, మేషలో ఉందా?" అని మీ మాటలో సరైన రూపం పెట్టి సంభాషణ ముందుకు నడపండి. పదిసార్లు విన్నాక పదకొండోసారి నోట వస్తుంది.

*ఆగండి.* ప్రశ్న అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టండి. ఎక్కువమంది పెద్దవాళ్లు రెండు దగ్గరే ఓపిక పోయి జవాబు తామే చెప్పేస్తారు. పిల్లలు పదం వెతుక్కునే సమయం అదే.

*అర్థం కానట్టు నటించకండి.* ఈ సలహా చాలామంది ఇస్తారు. నాకు నచ్చదు. అమ్మ పొద్దున్న ఆఫీసులో ఇంగ్లీషులో మాట్లాడి వచ్చిందని అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. నటన పట్టుబడితే నమ్మకం పోతుంది.

*నవ్వకండి.* తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె, ఇంటికొచ్చిన చుట్టాల ముందు ధైర్యం చేసి సోమాలీలో ఏదో చెప్పింది. ఒక మాట తప్పు పోయింది. అందరూ ముద్దుగానే నవ్వారు. ఆ పిల్ల తర్వాత నెలల తరబడి చుట్టాల ముందు నోరు విప్పలేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందే ఒక మాట చెప్పి ఉంచండి: ముద్దుగా కూడా నవ్వొద్దని.

5. అయేయోకి పని అప్పగించండి

"అమ్మమ్మతో మాట్లాడు" అని ఫోన్ చేతికిస్తే "బాగున్నావా, బాగున్నా" దగ్గర ఆగిపోతుంది. ఆ సంభాషణలో పని లేదు. వారానికి రెండు వాయిస్ మెసేజ్‌లు పెట్టించండి. ప్రతిదానిలో ఒక అవసరం ఉండాలి.

మొదటి వారం: అంజేరో పిండి ఎందుకు పులియలేదో అయేయోని అడగాలి. ఆమె చెప్పింది విని పిల్లలే మీకు చెప్పాలి, అలాగే చేసి చూపించాలి. రెండో వారం: అమ్మ చిన్నప్పుడు చేసిన అల్లరి ఒకటి అడిగి తెలుసుకోవాలి. మూడో వారం: బడిలో జరిగిన గొడవ చెప్పి తీర్పు అడగాలి. నాలుగో వారానికి అయేయోనే ఎదురు ప్రశ్నలు పంపడం మొదలుపెడుతుంది.

నేరుగా మాట్లాడటం కంటే వాయిస్ మెసేజ్ ఎందుకు మేలంటే, నచ్చకపోతే చెరిపి మళ్లీ చెప్పవచ్చు. సిగ్గుపడే పిల్లలకు ఇది చాలా ధైర్యం. అయేయో లేని ఇంట్లో అదే అపార్ట్‌మెంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఎవరైనా ఉంటారు. వారానికోసారి పిల్లల చేత టీ పంపించండి, ఒక గంట కూర్చోనివ్వండి.

6. కథ వినిపించండి, తిరిగి చెప్పించండి

సోమాలీ ఇంట్లో కథ మొదలయ్యే తీరు నాకెంతో ఇష్టం. చెప్పేవాళ్లు "షేకో షేకో" అంటారు, అంటే "కథ కథ". వినేవాళ్లు "షేకో హరీర్" అని బదులిస్తారు, "పట్టులాంటి కథ" అని. మనం "అనగనగా" అన్నాక పిల్లలు ఊ కొట్టినట్టు, అక్కడ కూడా వినేవాళ్లు నోరు తెరిస్తేనే కథ కదులుతుంది. డెగ్‌డేర్ కథతో మొదలుపెట్టండి. డెగ్ అంటే చెవి, డేర్ అంటే పొడుగు. పొడుగు చెవితో దూరం నుంచే అడుగుల చప్పుడు విని మనుషుల్ని పట్టుకు తినే ఆడ రాక్షసి ఆమె. ఆ భయం పిల్లలకు బాగా ఎక్కుతుంది.

వరుసగా మూడు రాత్రులు అదే కథ. మొదటి రాత్రి మీరు చెప్పండి. రెండో రాత్రి కీలకమైన చోట ఆగి "అప్పుడేమైంది?" అనండి. మూడో రాత్రి పిల్లలు చెప్పాలి. కొత్త కథ రోజుకొకటి చెప్పడం కంటే ఒకటే కథ మూడుసార్లు మేలు.

7. చదవడం: నాలుగు అక్షరాల పని

సోమాలీకి లాటిన్ లిపి అధికారిక లిపి అయింది 1972 అక్టోబరు 21న. ఆ తర్వాత 1974లో పట్టణాల విద్యార్థుల్ని ఊళ్లకు, పశువుల మందల వెంట తిరిగేవాళ్ల దగ్గరికి పంపి చదువు నేర్పించారు. మీ పిల్లల తాతల తరంలో ఆ విద్యార్థులు ఉండవచ్చు, అడిగి చూడండి. కొత్త లిపి నేర్చుకునే భారం లేదు కాబట్టి చదవడం తేలికే. అ ఆలు దిద్దించాల్సిన మనకంటే వాళ్లకు ఇక్కడ ఒక మెట్టు కలిసొచ్చింది.

చిక్కంతా ఇంగ్లీషు కళ్లతో చదవడంలో ఉంది. సి అక్షరం క కాదు, గొంతు లోపల నుంచి నొక్కి పలికే అచ్చులాంటి ధ్వని. ఎక్స్ గొంతు బిగించి పలికే హ. క్యూ గొంతు వెనక నుంచి వచ్చే క లాంటిది. డి, హెచ్ కలిపి రాస్తే నాలుక మడిచి పలికే డ, మన తెలుగు నోటికి కష్టమే లేదు. అలవాటు లేని పిల్లలు పాలను "కానో" అని, అలీ పేరును "కాలీ" అని చదువుతారు. వారానికి ఒక అక్షరం చొప్పున నెలలో ఈ నాలుగూ సరిచేయండి. మిగతాది చదువుతుంటే అదే వస్తుంది.

ఇంకొకటి: దీర్ఘం. అచ్చును రెండుసార్లు రాస్తే దీర్ఘం. బద్ అంటే సముద్రం, బాద్ అంటే పశువుల మేత. పలకడంలో తేడా వినపడకపోతే చదివించేటప్పుడు వేలితో బల్లమీద కొట్టించండి, పొట్టికి ఒకటి, పొడుగుకు రెండు.

8. ఇంగ్లీషు చెరిపేసే పదాలను విడిగా కాపాడండి

ఇంగ్లీషులో "అంకుల్" ఒక్కటే. సోమాలీలో అమ్మ తమ్ముడో అన్నో అయితే అబ్తి, నాన్న అన్నో తమ్ముడో అయితే అదేర్. అమ్మ చెల్లెలు, అక్క హబర్‌యర్. ఆ మాటను విడదీస్తే చిన్న తల్లి అని వస్తుంది. మన పిన్ని, చిన్నమ్మ గుర్తుకు రాలేదూ? నాన్న అక్కో చెల్లెలో అయితే ఏద్దో. ఫోటోల ఆల్బమ్ ముందేసుకుని ఎవరు ఏమవుతారో చెప్పించండి.

మేనమామను అబ్తి అంటారు, మేనమామ కూడా మేనల్లుణ్ని అబ్తి అనే పిలుస్తాడు. తల్లి తన బిడ్డను "హోయో" అంటుంది, ఆ మాటకు అర్థమే అమ్మ. మనం కొడుకును నాన్నా అని, కూతుర్ని అమ్మా అని పిలుస్తాం. అక్కడ మాత్రం పిలిచేవాళ్ల వరసే బిడ్డకు పిలుపవుతుంది. ఈ పిలుపు మానకండి. భాష జారిపోయిన ఇళ్లలో కూడా చివరిదాకా మిగిలేది ఇదే.

ఇంకా ఒక ముఖ్యమైన తేడా ఉంది. సోమాలీలో ఇన్నగ అంటే మనం, అన్నగ అంటే మేము. తెలుగులో ఉన్న తేడాయే. ఇంగ్లీషులో లేదు కాబట్టి రెండు భాషల పిల్లలూ తడబడేది ఇక్కడే. "అన్నగ పార్కుకి వెళ్తున్నాం" అని పిల్లలు అంటే "నేను రాకూడదా?" అని అడగండి. తేడా వెంటనే తెలిసొస్తుంది.

9. పన్నెండేళ్లు దాటాక

ఇప్పటిదాకా నేర్చుకున్నది వంటింటి భాష. పెద్దయ్యే పిల్లలకు వాదించే భాష కావాలి. రాత్రి ఫోన్ ఎన్నింటికి ఆపాలో సోమాలీలో వాదించమనండి, బాగా వాదిస్తే పావుగంట ఎక్కువ ఇవ్వండి. 1957 నుంచి నడుస్తున్న బీబీసీ సోమాలీ వార్తలు కలిసి విని, ఒక వార్త గురించి అభిప్రాయం అడగండి.

పద్యం కూడా పనికొస్తుంది. గబయ్ అనే సోమాలీ పద్యంలో మొదటి పాదం ఏ ధ్వనితో మొదలైన పదం తీసుకుంటుందో పద్యమంతా అదే ధ్వని నడవాలి. అచ్చులన్నీ ఒక జట్టు. మన యతి తెలిసినవాళ్లకు ఇది పరాయిగా అనిపించదు. భోజనం దగ్గర ఆటగా ఆడండి: ఒక ధ్వని తీసుకుని, ఒక్కొక్కరు ఆ ధ్వనితో మొదలయ్యే పదం ఉన్న వాక్యం చెప్పాలి. ఆడపిల్లలకు ఆడవాళ్ల పద్యం బురాన్‌బుర్ పెళ్లిళ్లలో వినిపించండి.

మీరే ఆ పిల్లలైతే

ఇరవై ఏళ్లొచ్చాయి, అన్నీ అర్థమవుతాయి, నోరు రాదు. కొత్తవాళ్లలా మొదటి పాఠం నుంచి నేర్చుకోనక్కర్లేదు, విసుగొస్తుంది. అయిదో మెట్టు నుంచి మొదలుపెట్టండి. మీ తప్పులకు నవ్వని ఒక్క మనిషిని ఎంచుకుని "మూడు నెలలు నాతో సోమాలీయే మాట్లాడండి, సరిదిద్దొద్దు" అని ముందే అడగండి. ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబానికి బస్సు కార్డు కొనడంలో, బడి ఫారాలు నింపడంలో సాయం చేయండి. అక్కడ మీ భాష నిజంగా అవసరమవుతుంది.

తరచుగా జరిగే తప్పులు

దుగ్సికి పంపుతున్నాం కదా అని ఊరుకోవడం. దుగ్సిలో పిల్లలు నేర్చుకునేది ఖురాన్ పఠనం, అది అరబీ. సోమాలీ దానితో రాదు.

"రెండు భాషలైతే మాట ఆలస్యమవుతుంది" అన్నారని ఇంటి భాష ఆపేయడం. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. నిజంగా ఆలస్యం అనిపిస్తే రెండు భాషల్లోనూ పరీక్షించమని అడగండి.

పిల్లల్ని ఆసుపత్రిలో దుబాసీగా నిలబెట్టడం. "భాష వాడుతున్నాడు కదా" అని ఇది చేయొద్దు. అమ్మ జబ్బు వివరాలు పదేళ్లవాడు డాక్టరుకు చెప్పాల్సి రావడం మోయలేని బరువు. అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, గట్టిగా అడగండి.

అరువు మాటలను ఏరేయడం. బాస్తో (పాస్తా), బోర్సో (సంచి) ఇటాలియన్ నుంచి వచ్చినవే, అయేయో నోట అవే వస్తాయి. వాక్యం సోమాలీ అయితే చాలు, పదం గురించి టెన్షన్ వద్దు.

శిక్షగా దేశానికి పంపడం. డఖన్ ఎలిస్ అంటారు, సంస్కృతికి తిరిగి చేర్చడం అని అర్థం. మాట వినని పిల్లల్ని చెప్పకుండా తీసుకెళ్లి అక్కడ వదిలి వచ్చేవాళ్లున్నారు. దయచేసి అది చేయకండి. అలా వచ్చిన భాష పిల్లలకు శిక్షగానే గుర్తుంటుంది. వెళ్తే అందరూ కలిసి వెళ్లండి, తిరుగు టికెట్ పిల్లలకు ముందే చూపించండి. హర్గేసాలోనో నైరోబీలోనో ఈడు పిల్లలతో ఒక నెల ఆడుకుంటే చాలు.

ఆరు నెలలకు సరిచూసుకోండి

మళ్లీ అదే ప్రశ్న అడిగి రెండు నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత ఇవి చూడండి:

- అబ్తి, అదేర్, హబర్‌యర్, ఏద్దో తడుముకోకుండా చెప్తున్నారా?
- ఇన్నగ, అన్నగ సరైన చోట పడుతున్నాయా?
- సి, ఎక్స్, క్యూ ఉన్న పది పదాలు సరిగ్గా చదువుతున్నారా?
- అయేయో సాయం లేకుండా ఆమెకు ఒక కథ పూర్తిగా చెప్పగలిగారా?
- ఎవరూ అడగకుండా, వాళ్లంతట వాళ్లే సోమాలీలో ఏదైనా మొదలుపెట్టారా?

చివరిది వచ్చిందంటే మిగతా నాలుగూ కొంచెం అటూ ఇటూ అయినా కంగారు లేదు. అది రాకపోతే మెట్లన్నీ మార్చకండి. ముందు ఫోన్ తీసి అయేయోకి చివరి వాయిస్ మెసేజ్ ఏ తేదీన వెళ్లిందో చూడండి. నేను చూసిన ఇళ్లలో చాలావరకు ఆగిపోయింది అక్కడే. రెండు రికార్డింగులూ పిల్లలతో కూర్చుని వినండి, మొదటిది ముందు, కొత్తది తర్వాత. విన్నాక ఆ రెండోదాన్ని అయేయోకి పంపించండి.